చలి బయటపెట్టే గుట్టు

తెల్లవారుజామున మొరాయించే కారు విషయంలో నేరమంతా చలిది కాదు. మే నెలలో మొదలైన జబ్బే చాలాసార్లు జనవరిలో బయటపడుతుంది. దాన్ని పట్టుకోవడానికి ముందుగా కావలసింది కొత్త బ్యాటరీ కాదు, ఓపిగ్గా వినే చెవి.

హిమాచల్‌ప్రదేశ్‌లోని కీలాంగ్‌లో జనవరి ఉదయం. గెస్ట్‌హౌస్ ముందు మంచులో నిలిపిన డీజిల్ కారుతో మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం అరగంటగా కుస్తీ పడుతోంది. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపే నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. చుట్టూ చేరినవాళ్లు తలో మాట అంటారు. బ్యాటరీ పోయిందని ఒకరు, పల్లానికి తోస్తే అదే అందుకుంటుందని ఇంకొకరు. నిజానికి బ్యాటరీ భేషుగ్గా ఉంది. లేకపోతే ఇంజిన్ అంత చురుగ్గా తిరిగేదే కాదు. అసలు దొంగ ట్యాంకులో ఉంది. కొండ ఎక్కకముందు నింపుకున్న డీజిల్ రాత్రి చలికి మైనం కట్టి ఫిల్టర్‌ను మూసేసింది.

శీతాకాలపు లాహౌల్ లోయలో ఇలాంటి దృశ్యానికి ఆస్కారం పెరిగింది ఇటీవలి సంవత్సరాల్లోనే. 2020 అక్టోబర్‌లో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ ప్రారంభమయ్యేదాకా రోహ్‌తాంగ్ కనుమను మంచు కప్పేస్తే లోయకు నెలల తరబడి రోడ్డు దారి ఉండేది కాదు. సొరంగం వచ్చాక మైదానాల కార్లు నడి శీతాకాలంలోనూ అక్కడికి చేరుతున్నాయి. వాటిలో పోసిన ఇంధనం, ఆయిలు, రేడియేటర్‌లోని నీళ్లు మాత్రం మైదానాల వాతావరణానికి సరిపోయేవే.

అయితే ఈ బాధ హిమాలయాలకే పరిమితం కాదు. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 2006 జనవరి 8న కనిష్ఠ ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలకు పడిపోయింది. 2021 జనవరి 1న 1.1 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఉదయాల్లో రాజధాని కాలనీల్లో ఇంజిన్ల మూలుగులు మామూలే. తూర్పు కనుమల్లోని లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది. పొగమంచు చూద్దామని హైదరాబాద్, విశాఖపట్నం నుంచి రాత్రికి రాత్రి చేరుకునేవారిలో కొందరికి తిరుగు ప్రయాణంలో ముందు కనిపించేది మొరాయించే కారే. ముగ్గురి ఫిర్యాదూ ఒకటే: ‘‘చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం లేదు.’’ జబ్బులు మాత్రం మూడు రకాలు కావచ్చు. చికిత్స కూడా.

ఎండాకాలం చేసిన గాయం

చలిలో కారు స్టార్ట్ కావాలంటే మూడు పనులు ఒకేసారి జరగాలి. బ్యాటరీ తగినంత కరెంటు ఇవ్వాలి. చిక్కబడిన ఆయిల్‌ను ఎదిరించి సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పాలి. సిలిండర్‌లో ఇంధనం ఆవిరై అంటుకోవాలి. చలి ఈ మూడింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. బ్యాటరీలో రసాయన చర్య మందగించి సున్నా డిగ్రీల దగ్గర దాని శక్తి సుమారు మూడో వంతు తగ్గుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర సగం కూడా మిగలదు. సరిగ్గా అదే సమయంలో ఇంజిన్ మామూలుకంటే ఎక్కువ కరెంటు అడుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదే ఇది.

ఆరోగ్యంగా ఉన్న కారు ఈ లోటును తట్టుకుంటుంది. 5 డిగ్రీల చలి ఇంజినీర్ల లెక్కలో లెక్కే కాదు. మరి అదే చలికి ఒక కారు లేచి ఇంకోటి ఎందుకు పడకేస్తుంది? జవాబు కోసం ఆరేడు నెలలు వెనక్కి వెళ్లాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. దాని చుట్టూ ఉష్ణోగ్రత నిలకడగా 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో స్థూలమైన లెక్క. మే నెలలో ఎండలో నిలిపిన కారు బానెట్ కింద లోపలి పలకలు తుప్పు పట్టి, నీరు ఆవిరై, బ్యాటరీ నెమ్మదిగా అరిగిపోతుంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. వేడిగా ఉన్న ఇంజిన్‌ను తిప్పడానికి పెద్దగా బలం అక్కర్లేదు కాబట్టి సగం ప్రాణంతోనే అది పని గడిపేస్తుంది. జనవరి వచ్చి పూర్తి బలం అడిగిన రోజున చేతులెత్తేస్తుంది. అందుకే దక్షిణాది నగరాల్లో మూడు నాలుగు వేసవులు చూసిన బ్యాటరీతో కొండలకు బయల్దేరడం జూదమే.

డీజిల్ కారులో హీటర్ ప్లగ్‌లదీ ఇదే కథ. స్పార్క్ ప్లగ్ లేని డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. లోహమంతా చల్లగా ఉన్నప్పుడు ఆ వేడి చాలదు కాబట్టి హీటర్ ప్లగ్ ఎర్రగా కాలి సాయం చేస్తుంది. హైదరాబాద్ వాతావరణంలో ఆధునిక కామన్ రెయిల్ ఇంజిన్ ఈ సాయం లేకుండానే లేస్తుంది. దాంతో నాలుగు ప్లగ్‌లలో రెండు కాలిపోయినా ఏళ్ల తరబడి గుర్తించేవారుండరు. సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్‌లో గాలి పీడనం మైదానంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. నొక్కడానికి గాలే తక్కువ, పైగా చలి. రెండు ప్లగ్‌ల లోటు అక్కడ మొదటి ఉదయమే తెలిసిపోతుంది.

మూడు శబ్దాలు, మూడు దారులు

వైద్యుడు నాడి చూసినట్టు మంచి మెకానిక్ ముందు సెల్ఫ్ శబ్దం వింటాడు. పది సెకన్లలోపే సగం అనుమానాలు తీరిపోతాయి.

మొదటిది ‘టక్ టక్’ శబ్దం, లేదా ఒక్క ‘టక్’తో నిశ్శబ్దం. డ్యాష్‌బోర్డు దీపాలు కూడా మసకబారితే కరెంటు సెల్ఫ్ మోటారు దాకా చాలినంత చేరడం లేదని అర్థం. అంటే బ్యాటరీ డిశ్చార్జ్ అయినా కావాలి, టెర్మినళ్లు చిలుము పట్టి అయినా ఉండాలి. దీపాలు ప్రకాశంగానే ఉండి ఒక్క ‘టక్’ మాత్రమే వస్తే సెల్ఫ్ మోటారునే అనుమానించాలి.

రెండోది నీరసంగా ఈడ్చుకుంటూ తిరిగే మూలుగు. బ్యాటరీ బలహీనపడినా, ఎర్త్ వైరు వదులైనా, ఆయిల్ మరీ చిక్కనిదైనా ఇదే వినిపిస్తుంది.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించేది. ఇంజిన్ చురుగ్గా, రోజూ తిరిగినట్టే తిరుగుతుంది కానీ అందుకోదు. ఈ శబ్దం విన్న తర్వాత కూడా బ్యాటరీ మార్చడం డబ్బు పారబోసుకోవడమే. లోపం ఇంధనంలోనో, స్పార్క్‌లోనో, వాటిని నడిపించే సెన్సర్‌లోనో ఉంది.

మొదటి రెండు సందర్భాల్లో కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ వేల రూపాయల బ్యాటరీ ఖర్చును ఆపగలదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారు బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే తగ్గితే ఖాళీ అయినట్టే. రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటర్ చూడాలి. రీడింగ్ 9.6 వోల్టుల కంటే కిందికి జారితే, నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ అయినా సరే, లోపల సత్తువ లేనట్టే లెక్క. జారకుండా నిలబడి, ఇంజిన్ మాత్రం నీరసంగా తిరిగితే దోషం వైర్లలో ఉంది. మీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, ఇంకో కొనను ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు దాకా కనిపిస్తే ఎర్త్ వైరు కరెంటును దారిలోనే మింగేస్తోంది. విప్పి, గీకి, మళ్లీ బిగిస్తే తీరిపోయే జబ్బు ఇది. ఇక స్టార్ట్ అయ్యాక బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య లేకపోతే ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదన్నమాట. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా వారం రోజుల ముచ్చటే.

ఆయిల్ సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది. 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 వంటి అంకెల్లో ‘డబ్ల్యూ’ అంటే శీతాకాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత పల్చగా పారుతుంది. కంపెనీ 5డబ్ల్యూ-30 చెప్పిన ఇంజిన్‌లో ‘మన ఎండలకు చిక్కనిదే మంచిది’ అంటూ 20డబ్ల్యూ-50 పోయించుకున్నవారు దాని ఫలితాన్ని మొదటి చలి ఉదయం అనుభవిస్తారు.

మధ్యాహ్నానికి మాయం

మూడో రకం జబ్బుకు ఒక దుర్గుణముంది. ఉదయం ఏడింటికి ఏడిపించిన కారు ఎలాగోలా లేచి పదకొండింటికి షెడ్డుకు చేరుతుంది. అప్పటికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది. మెకానిక్ ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఠక్కున అందుకుంటుంది. యజమాని అబద్ధం చెప్పినట్టు నిలబడతాడు. రోగం కనిపించని చోట మొదలయ్యేది అనుమానం వైద్యం. ఇవాళ స్పార్క్ ప్లగ్‌లు, వచ్చే వారం ఫ్యూయల్ పంపు, ఆపైన ఇంజెక్టర్లు. బిల్లులు పెరుగుతాయి, ఉదయం మూలుగు మాత్రం అలాగే ఉంటుంది. దీనికి విరుగుడు చాలా సులువు. కారును సాయంత్రమే షెడ్డులో వదిలి, తెల్లవారాక మొదటి సెల్ఫ్ మెకానిక్ చేతే కొట్టించాలి. చల్లారిన కారు జబ్బును చల్లారిన కారులోనే వెతకాలి.

ఈ రకంలో తరచూ తప్పించుకుపోయే దొంగ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. దాని పని అర్థం కావాలంటే పాత మారుతి 800ను గుర్తు చేసుకోవాలి. 1983లో వచ్చిన ఆ కారులో తొలినాళ్లలో కార్బొరేటర్ ఉండేది. చలి ఉదయం డ్రైవరు చోక్ లాగేవాడు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచడమే చోక్ ఉద్దేశం. ఎంత లాగాలో, ఎప్పుడు నెట్టేయాలో చేతికి తెలిసేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ చెయ్యి స్థానాన్ని ఈ చిన్న సెన్సర్ ఆక్రమించింది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో అది చెబితే కంప్యూటర్ ఆ మేరకు పెట్రోల్ పెంచుతుంది. సెన్సర్ చెడిపోయి, 5 డిగ్రీల చలిలో ‘80 డిగ్రీలు’ అని చెబితే? కంప్యూటర్ నమ్ముతుంది. పొదుపుగా పెట్రోల్ ఇస్తుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. వేడెక్కాక సెన్సర్ చెప్పే అబద్ధమే నిజమవుతుంది కాబట్టి మధ్యాహ్నం కారు బంగారంలా నడుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఊహలు అక్కర్లేదు. రాత్రంతా నిలిపిన కారుకు, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, ఓబీడీ స్కానర్ తగిలించి కూలెంట్ ఉష్ణోగ్రతను, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన చూస్తే చాలు. రెండూ బయటి చలికి దగ్గరగా, దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి దారి తప్పితే ఏ సెన్సర్ అబద్ధమాడుతోందో అక్కడే తేలిపోతుంది.

స్కానర్ కూడా అక్కర్లేని పరీక్ష ఇంకోటి ఉంది. సెల్ఫ్ కొట్టకుండా తాళం ‘ఆన్’ దాకా తిప్పి రెండు మూడు సెకన్లు ఆగాలి. వెనక ట్యాంకులో పంపు సన్నగా ‘గుయ్’మంటుంది. ఇలా రెండు మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే, రాత్రి పైపులో నిలవాల్సిన పెట్రోల్ ఒత్తిడి జారిపోతోందని అనుకోవాలి. పంపులోని వాల్వో, కారుతున్న ఇంజెక్టరో కారణం. ‘గుయ్’ శబ్దమే లేకపోతే పంపునూ దాని రిలేనూ చూడాలి. సెల్ఫ్ చాలాసేపు కొట్టాక సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంధనం వస్తోంది కానీ అంటుకోవడం లేదు. అప్పుడు స్పార్క్ ప్లగ్‌ల వంతు. డీజిల్ కారులో ఇదే సాక్ష్యం పొగ చెబుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తెల్లటి పొగ వస్తే డీజిల్ చేరుతోంది, వేడి చాలడం లేదు. హీటర్ ప్లగ్‌లు చూడాలి. పొగే లేకపోతే డీజిలే చేరడం లేదు.

కొత్తగా నిందలు మోస్తున్నది ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ దేశమంతటా బంకుల్లోకి వచ్చాక చలి ఉదయం మొరాయించిన ప్రతి కారుకూ అదే కారణమనేవారు ఎక్కువయ్యారు. ఆవిరి కావడానికి ఇథనాల్‌కు పెట్రోల్ కంటే రెట్టింపుకు పైగా వేడి కావాలన్నది నిజమే. బ్రెజిల్‌లో అచ్చంగా ఇథనాల్‌తో నడిచే కార్లకు చలి ఉదయాల కోసం చిన్న పెట్రోల్ ట్యాంకు విడిగా పెట్టాల్సి వచ్చింది. కానీ ఐదో వంతు ఇథనాల్, మిగతాది పెట్రోలే ఉన్న మిశ్రమంతో మైదానాల చలిలో ఆరోగ్యంగా ఉన్న కారు లేవకపోవడం అరుదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో పాత పెట్రోల్‌ను అనుమానించవచ్చు. వాడకంలో ఉన్న కారులో ముందు పైన చెప్పిన పరీక్షలు పూర్తి చేయడమే న్యాయం.

మైనం కట్టే డీజిల్

కీలాంగ్‌లో ఆగిన కారు దగ్గరికి మళ్లీ వెళ్తే, దాని ప్రవర్తనలోనే జవాబు ఉంది. లేచింది, నడిచింది, ఆగింది. పైపుల్లో మిగిలిన కాస్త డీజిల్‌తో లేచింది. ఫిల్టర్ దాటి కొత్త డీజిల్ రాకపోవడంతో ఆగింది. డీజిల్‌లో సహజంగానే పారఫిన్ మైనం ఉంటుంది. చలికి అది స్ఫటికాలుగా మారి ముందు ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఇంకా చలి పెరిగితే డీజిల్ మొత్తం పేరుకుపోతుంది. మన దేశపు ప్రమాణాల్లో శీతాకాలపు డీజిల్ 3 డిగ్రీల దాకా పారితే చాలు. మైదానాలకు అది సరిపోతుంది. మైనస్ 20 డిగ్రీల లోయకు కాదు.

ఈ లోటు తీర్చడానికే 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక శీతాకాలపు డీజిల్‌ను లద్దాఖ్‌కు అందించడం మొదలుపెట్టింది. పానిపట్ రిఫైనరీలో తయారైన ఈ ఇంధనం సరఫరాను కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. అంటే మందు కొండ మీదే దొరుకుతోంది. సమస్యల్లా కింద ట్యాంకు నిండా నింపుకుని పైకి వెళ్లడంలోనే ఉంది. కొండ ఎక్కేసరికి ట్యాంకు వీలైనంత ఖాళీ అయ్యేలా చూసుకుని, అక్కడి బంకులో శీతాకాలపు డీజిల్ నింపి, అది ఫిల్టర్ దాకా చేరేలా కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపడం తెలివైన పని. మైనం కట్టిన తర్వాత మాత్రం వెచ్చటి చోటికి తోయడం, ఫిల్టర్ మార్చడం, ఎండ కోసం ఎదురుచూడడం తప్ప దగ్గరి దారి లేదు.

రేడియేటర్ సంగతీ బయల్దేరకముందే చూసుకోవాలి. మామూలు నీళ్లు గడ్డకట్టి వ్యాకోచిస్తే ఇంజిన్ బ్లాకే పగిలిపోవచ్చు. సగానికి సగం కూలెంట్ కలిపితే మైనస్ 30 డిగ్రీలు దాటినా గడ్డకట్టదు.

చిట్కాలు ప్రాణం మీదికి

చలికి బెదిరినవాళ్లు చేసే కొన్ని పనులు చలి కంటే ప్రమాదకరం. కొండ దారుల్లో లారీ డీజిల్ ట్యాంకు కింద మంట పెట్టడం పాత అలవాటు. ఒక్క లీకు చాలు, బండి మొత్తం బూడిద కావడానికి. వేడి నీళ్లలో తడిపిన గుడ్డలు ఫిల్టర్ చుట్టూ చుట్టడం నిదానమైనా క్షేమం. డీజిల్‌లో కిరోసిన్ కలపడం ఇంకో పాత చిట్కా. పాత ఇంజిన్లు దాన్ని భరించాయి కానీ, డీజిల్ జిడ్డుతోనే అరగకుండా నిలిచే నేటి పంపులూ ఇంజెక్టర్లూ భరించవు.

బ్యాటరీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీలోని ద్రవం మైనస్ 50 డిగ్రీల దాకా గడ్డకట్టదు. డిశ్చార్జ్ అయితే మైనస్ 10 డిగ్రీల చుట్టుపక్కలే గడ్డకడుతుంది. అలా ఉబ్బిన బ్యాటరీకి ఇంకో కారు నుంచి కరెంటు ఇస్తే పేలవచ్చు. మామూలుగా డౌన్ అయిన బ్యాటరీకి జంపర్ కేబుళ్లు తగిలించేటప్పుడు ముందు రెండు బ్యాటరీల పాజిటివ్‌లను, తర్వాత మంచి బ్యాటరీ నెగటివ్‌ను కలపాలి. చివరి కొనను మాత్రం డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ లోహానికి తగిలించాలి. ఆఖర్న వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ దగ్గరి హైడ్రోజన్‌ను అంటించకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో నిమిషమైనా ఆగాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మాత్రం కారు స్టార్ట్ అయిన తర్వాతే మొదలవుతుంది. మళ్లీ లేస్తుందో లేదోనన్న భయంతో ఇంజిన్‌ను ఆపకుండా వదిలేయడం, మూసిన గ్యారేజీలో ‘వేడెక్కనీ’ అని నిలపడం, హీటర్ వేసుకుని అద్దాలు బిగించి కారులోనే పడుకోవడం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీలో మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చలితో పాటు ఈ వాయువు కూడా కారణమని అప్పట్లో అధికారులు చెప్పారు. మంచు సైలెన్సర్‌ను మూసేస్తే పొగ కారు లోపలికే దారి చూసుకుంటుంది. నేటి ఇంజిన్లకు పావుగంట వేడి చేయడం అవసరం కూడా లేదు. లేచిన అర నిమిషానికి మెల్లగా కదిలితే నడుస్తూనే వేడెక్కుతాయి.

కీలాంగ్‌లో ఎండెక్కింది. పదకొండు దాటాక బానెట్ మీద మంచు కరిగి, ఫిల్టర్‌లో మైనం వదిలి, కారు ఏమీ ఎరగనట్టు లేచింది. ఆ కుటుంబం ఊపిరి పీల్చుకుని కొండ దిగవచ్చు. కింద మైదానంలో అది మళ్లీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, ఉదయపు కష్టం మరపున పడుతుంది. మరచిపోకుండా ఉండాల్సింది సరిగ్గా అప్పుడే. చలి కొత్తగా జబ్బు తెచ్చిపెట్టేది తక్కువ. ఉన్న జబ్బుకు తేదీ నిర్ణయించడమే అది ఎక్కువగా చేసే పని. ఆ తేదీకి ముందు, అక్టోబర్‌లో ఒక ఉదయం, మల్టీమీటర్‌తో పది నిమిషాలు గడిపినవారికి జనవరి ఉదయాలు మామూలు ఉదయాల్లాగే తెల్లవారతాయి.